హోసూరు తెలుగు – ఇంటివారి చూపు, పైవారి చూపు

ఉగాదినాడు నలుగురము ఒకచోట చేరినప్పుడు మాతృభాషను గూర్చి రెండు మంచి మాటలు చెప్పుకొనడం మనకు ఆనవాయితీ. మన భాష తీయనిదనీ, ప్రాచీనమైనదనీ పొగడుకొని, పచ్చడి తిని, ఇండ్లకు పోతాము. ఈ ఏడు ఆ పొగడ్తను కాస్త పక్కనబెట్టి, మనము వచ్చి కాపురమున్న ఈ సీమలోని తెలుగును గూర్చి, దానిని ఎవరెవరు ఏ చూపుతో చూచినారో ఆ చరిత్రను గూర్చి నాకు తెలిసినంతలో విన్నవించుకొంటాను. నేను పండితుడను కాను. మెట్రిక్యులేషను వరకు చదివి రైల్వేలో గుమాస్తాగిరి చేసుకొనేవాడిని. తప్పొప్పులు పెద్దలు సర్దుకొందురు గాక.

మనలో చాలామందిమి ఉద్యోగరీత్యా ఆంధ్ర జిల్లాలనుండి హోసూరు, కృష్ణగిరి ప్రాంతాలకు వచ్చినవారము. 1971లో సిప్‌కాట్ సంస్థ ఏర్పడిన తరువాత హోసూరులో పారిశ్రామికవాడ వెలసినది. అశోక్ లేలాండ్, టీవీయస్, టైటాన్ మొదలగు పెద్ద కర్మాగారాలు లేచినవి. బెంగుళూరు నలభై కిలోమీటర్ల దూరమే గనుక జనం వచ్చిపడినారు. తాలూకా కేంద్రముగా ఉన్న ఊరు 2019లో నగరపాలక సంస్థ అయినది. కాని ఒక్క సంగతి మనము తరచు మరచిపోతాము. మనము వచ్చేటప్పటికే ఇక్కడ తెలుగు ఉన్నది. అది మనము మూటగట్టుకొని తెచ్చినది కాదు. కనుక తెలుగు విషయంలో ఇక్కడ ఇంటివారు వేరే ఉన్నారు, మనము చుట్టాలము.

ఈ సీమ సంగతి

కృష్ణగిరి దిగువన ఉన్నది, హోసూరు ఎగువన ఉన్నది. కృష్ణగిరినుండి హోసూరుకు బస్సులో వచ్చేవారికి ఘాటు ఎక్కగానే గాలి మారడం తెలుస్తుంది. దిగువ సీమను పూర్వం బారామహల్ అన్నారు, ఎగువ సీమను బాలాఘాట్ అన్నారు. కోలారు, కుప్పం, హోసూరు ప్రాంతాలను కలిపి మొరసునాడు అనడం ఇంకా పాత వాడుక. మూడు భాషలు ఇక్కడ ఒకదానినొకటి ఒరసుకొని బ్రతుకుతున్నవి. హోసూరు పేరు కన్నడము, కొత్త ఊరు అని దానికి అర్థము. చుట్టుపట్ల ఊళ్ళ పేర్లు చూచినట్లయితే, స్థూలంగా ‘పల్లి’ అంటే తెలుగు, ‘హళ్ళి’ అంటే కన్నడము, ‘పట్టి’ అంటే తమిళము. ఒక్కటే ఊరిని కొందరు వేపనపల్లి అంటారు, కొందరు వేప్పనహళ్ళి అంటారు. ఊరు అలిగినది లేదు.

విజయనగరపు రాయల ఏలుబడిలో ఈ సీమకు తెలుగువారి రాకపోకలు బలపడినవి. పదహారవ శతాబ్దపు చివర పెనుకొండ దుర్గాన్ని కాపాడిన జగదేవరాయనికి బారామహల్ సీమ దక్కినదని చరిత్రకారులు వ్రాసినారు. బాగలూరు, బేరికె, సూళగిరి పాళెములు ఆ తరువాతి కాలంలో పేరు వినబడినవి. పిమ్మట మైసూరువారు, హైదరు, టిప్పు ఏలినారు. 1792లో శ్రీరంగపట్టణపు సంధితో బారామహల్ కుంపిణీ చేతికి పోయినది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడు అనే దొర, ఆయనకు సహాయకుడుగా తరువాత పేరుపడిన థామస్ మన్రో, ఇక్కడ శిస్తు బందోబస్తు చేసినారు. 1799లో టిప్పు పడిపోయినాక హోసూరు సీమ కూడా వారికే వచ్చినది. అంతటితో రెండు సీమలూ సేలం జిల్లాలో చేరినవి. 1965లో సేలంనుండి ధర్మపురి జిల్లా విడివడినది, 2004లో ధర్మపురినుండి కృష్ణగిరి జిల్లా విడివడినది. జిల్లా పేర్లు మారినవి గాని పొలంగట్టున మాట్లాడుకొనే భాష మారలేదు.

ఒక మనిషికి రెండు పేర్లు

తమిళులు పూర్వమునుండి తెలుగువారిని ‘వడుగర్’ అన్నారు. ఉత్తరాదివారు అని దాని అర్థము. తెలుగువారు తమిళాన్ని ‘అరవము’ అంటారు, తమిళదేశపు మనిషిని ‘అరవవాడు’ అంటారు. ఈ రెండు మాటల నడుమ హోసూరు తెలుగువాడి బ్రతుకు ఇరుక్కొన్నది. తాతముత్తాతలనాటినుండి ఒకే ఊళ్ళో రాగి, అవరె పండించుకొన్న మనిషి, సేలం వైపు పోతే ఉత్తరాదినుండి వచ్చినవాడౌతాడు. అదే మనిషి తిరుపతికి మొక్కు తీర్చుకొనబోతే, నోరు విప్పగానే, “ఎవరో అరవవాడు” అనిపించుకొంటాడు. రెండు చోట్లా అతడు పైవాడే. అతడిని ఇంటివాడుగా ఎంచే చోటు అతని ఊరొక్కటే.

సరిహద్దులు గీయనంతకాలం ఈ మాటలకు పదును తక్కువ. సంతలో కన్నడము, కచేరీలో తమిళము, ఇంట్లో తెలుగు – ఎక్కడి భాష అక్కడ నడిచినది. పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసిన తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినది. 1956 నవంబరు 1న భాషాప్రయుక్త రాష్ట్రాలు వచ్చినవి. ఆ రోజుల్లో మూడు భాషలవారూ పటాలు గీసి, తలలు లెక్కబెట్టి, ఈ తాలూకా మాదంటే మాదన్నారు. చివరకు హోసూరు మద్రాసు రాష్ట్రంలో నిలిచినది. తెలుగువారే సగానికి పైగా ఉన్న కోలారు జిల్లా మైసూరులో నిలిచినది. పటాస్కర్ గారి తీర్పుననుసరించి 1960 ఏప్రిల్ 1న జరిగిన మార్పులలో తిరుత్తణి మద్రాసుకు పోయినది, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్రకు వచ్చినవి. 1969 జనవరి 14న మద్రాసు రాష్ట్రమే తమిళనాడు అయినది.

గీత ఎక్కడ గీసినా గీతకు అటూ ఇటూ కొందరు మిగిలిపోతారు. అందుకు ఎవరినీ నిందించి లాభం లేదు. కాని గీత గీసిన తరువాత ఒక మార్పు వచ్చినది. అంతకు పూర్వం భాష అన్నది ఇంటి సంగతి. ఆ తరువాత అది రాష్ట్రభక్తికి గుర్తు అయినది. “తమిళనాడులో ఉంటూ తెలుగెందుకు?” అని ఒకరు అడగడం మొదలైనది. “తెలుగువారైతే ఆంధ్రకు రాక అక్కడెందుకు?” అని మరొకరు అడగడం మొదలైనది. రెండు ప్రశ్నలకూ హోసూరు రైతు జవాబు ఒక్కటే: “మేము యాడికీ పోలేదే! ఈడనే ఉండాము.”

మన వెక్కిరింత

పైవారి చూపు అనగానే మనము తమిళులనే తలుస్తాము. ముందు మన ముఖం అద్దంలో చూచుకొనడం న్యాయము. కోస్తా జిల్లాలనుండి వచ్చిన మనలో కొందరు హోసూరు తెలుగు వినగానే నవ్వుతారు. “ఇదేమి తెలుగండీ, సగం అరవం, సగం కన్నడం!” అంటారు. టిక్కెట్ల కిటికీ వెనుక కూర్చొనే నాబోటివారికి ఇది తరచు వినబడే మాట. ఒకనాడు ఒక ముసలి రైతు “బండి ఏల ఇంత ఆలస్యమైంది నాయనా?” అని నన్ను అడిగినాడు. వరుసలో వెనుకనున్న బాబు ఒకరు ఆ ‘ఏల’ను పట్టుకొని నవ్వినారు. ముసలాయన వెనుదిరిగి, “మా తాత ఇదే మాట అన్నాడు, నేనూ ఇదే అంటా ఉండాను. నువ్వు నేర్చుకొన్నది ఎప్పుడు నాయనా?” అని తన చిల్లర ఏరుకొని పోయినాడు.

ఆయన మాటలో చరిత్ర ఉన్నది. ‘ఎందుకు’ అనే అర్థంలో ‘ఏల’ అన్నది కావ్యాలనిండా ఉన్న మాట. కోస్తా వాడుకలో అది పుస్తకానికి పరిమితమైపోయినది, ఇక్కడ నోట నిలిచి ఉన్నది. మనము పెళ్ళి, కళ్ళు, ఇళ్ళు అంటాము. ఈ ప్రాంతమూ, రాయలసీమా పెండ్లి, కండ్లు, ఇండ్లు అంటాయి. ఏది పాతది అని అడిగితే పాత పుస్తకాలు పెండ్లి వైపే సాక్ష్యం చెబుతాయి. మనము ‘షాపు’ అనే దానిని వీరు ‘అంగడి’ అంటారు. ఇక ‘ఉండాది’, ‘వస్తా ఉండాను’ అన్నవి చిత్తూరు, కుప్పం వైపు అందరూ అనేవే. ఇంగ్లీషు కలిపితే నాగరికతా, కన్నడం కలిపితే మొరటుతనమా? నాలుగు ఇంగ్లీషు ముక్కలు లేనిదే వాక్యం ముగియని మనకు ఇతరుల కలగలుపును ఎత్తిచూపే అధికారం ఎక్కడిది?

వ్యవహారిక భాషోద్యమానికి పెద్దదిక్కయిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29. ఆనాడు తెలుగు భాషా దినోత్సవం జరుపుకొంటున్నాము. ఆయన పనిచేసిన పర్లాకిమిడి కూడా సరిహద్దు సీమయే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటు పోయినది. జనం నోట బ్రతికే మాటను చులకన చేయరాదని ఆయన జీవితమంతా వాదించినారు. అడవిలోని సవరల భాషకు సైతం నిఘంటువు, వ్యాకరణము కూర్చినారు. ఆయన పేరు చెప్పి దండలు వేసే మనము, పక్కింటి హోసూరు అవ్వ తెలుగును వెక్కిరించడం తగునా?

దూరదేశపు ముచ్చట

ఈ వెక్కిరింత ఏమి చేయగలదో తెలియాలంటే కొంచెం దూరం పోయి చూడాలి. ఇంగ్లండుకు పడమట వేల్సు అనే చిన్న దేశమున్నది. వారి భాష ఇంగ్లీషుకు తోబుట్టువు కాదు, వేరే కుదురుకు చెందినది. 1588లోనే బైబిలు సంపూర్ణముగా ఆ భాషలో అచ్చయినది. అయినా 1846లో లండను ప్రభుత్వం అక్కడి చదువుల స్థితి పరిశీలించడానికి ముగ్గురు విచారణాధికారులను పంపినది. ముగ్గురికీ వెల్షు రాదు! ఆ ప్రజల నీతికీ, వ్యాపారాభివృద్ధికీ వారి భాషే అడ్డమని వారు నివేదిక వ్రాసినారు. ఆ శతాబ్దంలో కొన్ని బడులలో వెల్షు మాట్లాడిన పిల్లవాని మెడలో శిక్షగా చెక్కముక్క వ్రేలాడదీసినారు.

రైల్వేవారికి పరిచయమైన సంగతి ఒకటి చెబుతాను. అక్కడ ఆంగ్లెసీ ద్వీపంలో ఒక స్టేషను పేరు ఇంగ్లీషు లెక్కన యాభై ఎనిమిది అక్షరాలు. ప్రయాణికులను ఆకర్షించడానికి 1860 ప్రాంతాలలో ఊరివారే అంత పొడుగు పేరు కూర్చినారట. వచ్చినవారు బోర్డు చూచి నవ్వి, ప్లాట్‌ఫారం టిక్కెట్టును జ్ఞాపకార్థం కొనుక్కొని పోయేవారు. భాష పైవారికి వినోదమైనది. ఆ నవ్వు మెల్లగా ఇంటివారికి సిగ్గు అయినది. తమ పిల్లలు బాగుపడాలంటే ఇంగ్లీషే మాట్లాడాలని తల్లిదండ్రులు ఇండ్లలో వెల్షు మానుకొన్నారు. 1901లో ఆ దేశంలో సగం మందికి వెల్షు వచ్చు. 1981 నాటికి నూటికి పందొమ్మిది మందికి దిగినది.

అప్పుడు ఇంటివారు మేల్కొన్నారు. 1962లో సాండర్స్ లూయిస్ అనే రచయిత ఆ భాష గతిని గూర్చి రేడియోలో ప్రసంగించినాడు. అది విని యువకులు సంఘం పెట్టినారు. 1967లో ఒక చట్టము, 1993లో మరొక చట్టము వచ్చినవి. 1982లో వెల్షు టెలివిజను వచ్చినది. నేడు అక్కడి ప్రభుత్వ పాఠశాలలలో పదహారేళ్ళు వచ్చేదాకా పిల్లలందరూ వెల్షు చదువుతారు. పైనుండి వచ్చి కాపురమున్న ఇంగ్లీషువారి పిల్లలు కూడా చదువుతారు. ఇంత చేసినా 2021 జనాభా లెక్కల్లో ఆ భాష వచ్చినవారు నూటికి పద్దెనిమిది మందికి లోపే. పోయినదానిని తిరిగి తేవడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తున్నది. వేల్సుకు సొంత శాసనసభ అయినా ఉన్నది, హోసూరు తెలుగుకు అదీ లేదు. కనుక ఇక్కడ ఇంటిలోని పట్టుదలే మొదటి చట్టము.

తమిళుల చూపు

ఇప్పుడు తమిళుల మాట. ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. తమిళులు హోసూరుకు పైవారు కారు. రాజాజీగారు 1878లో పుట్టినది హోసూరు చెంతనున్న తొరపల్లిలోనే. సంగీత సభలో త్యాగయ్యగారి తెలుగు కీర్తనకు తల ఊపేవారిలో తమిళులే ఎక్కువ. వారికి తెలుగుమీద ద్వేషమని అనడం అబద్ధము. వారి భయం వేరు. ఆ రాజాజీగారి మంత్రివర్గమే 1938లో నూట ఇరవైయైదు పాఠశాలలలో హిందీని నిర్బంధం చేసినప్పుడు తమిళనాట పెద్ద ఆందోళన లేచినది. 1940లో ఆ ఉత్తరువు రద్దయినది. 1965లో మళ్ళీ అంతకు మించిన ఆందోళన జరిగినది. “మా పిల్లల నోటినుండి మా భాష తీసివేయకండి” అన్నదే ఆనాటి తమిళుల వాదన. అది న్యాయమైన వాదన. ఆ వాదననే హోసూరు తెలుగు తల్లి నేడు వినిపిస్తే అదీ న్యాయమే గదా!

2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్పు చట్టం చేసినది. ఒకటవ తరగతితో మొదలుబెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున, తమిళాన్ని మొదటి భాగపు భాషగా నిర్బంధం చేసినది. తెలుగు, కన్నడము, ఉరుదు, మలయాళము ఇంటిభాషగా గల పిల్లలకు ఆ భాషలు నాలుగవ భాగంలో, ఐచ్ఛికంగా మిగిలినవి. 2015–16లో ఆ పిల్లలు పదవ తరగతికి వచ్చేసరికి గొడవ కోర్టుకెక్కినది. హైకోర్టు కొన్ని సంవత్సరాలకు మినహాయింపులు ఇచ్చినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఆ ఏటి పరీక్షకు మరొకసారి మినహాయింపు పొడిగించినది. మధ్యలో 2008లో కేంద్ర ప్రభుత్వం తెలుగుకు ప్రాచీన భాష హోదా ఇచ్చినది. ఢిల్లీలో తెలుగుకు పీట వేసిన రోజుల్లోనే హోసూరు బడిలో దాని పీట వెనక్కు జరిగినది.

తమిళం నేర్చుకొనడం కష్టమని ఎవరూ అనడం లేదు. ఇక్కడి తెలుగువారు తరతరాలుగా తమిళం మాట్లాడుతూనే ఉన్నారు. ఈ గడ్డమీద బ్రతికేవారికి తమిళం రావలసినదే, మన పిల్లలకూ రావలసినదే. అడిగేదల్లా దానికోసం తెలుగు పోగొట్టుకొనే అవసరం లేకుండా చూడమని. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాక భాషల పిల్లలకు మాతృభాషలో చదువు ఏర్పాటు చేయాలని రాజ్యాంగపు 350ఎ అధికరణం 1956నుండి చెబుతున్నది. 2011 లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు నలభైరెండు లక్షలు. ఇది కొద్దిమంది గోల కాదు.

ఇంటివారి చూపు

అన్నిటికంటె ముఖ్యమైనది ఇంటివారి చూపు. పైవారు ఇద్దరూ వెక్కిరించగా వెక్కిరించగా, హోసూరు తెలుగువారిలో కొందరికి తమది అసలు తెలుగే కాదన్న అనుమానం పట్టుకొన్నది. “మాది వట్టి ఇంటి మాట సార్, పుస్తకం తెలుగు మాకు రాదు” అని వారే అంటారు. ఇంటి మాటను తక్కువగా ఎంచినవాడు దానిని బిడ్డకు ఇవ్వడు. బిడ్డను ఇంగ్లీషు బడికి పంపి, ఇంట్లో అరకొర తమిళం మాట్లాడి, తెలుగును అవ్వతాతలకు వదిలివేస్తాడు. తెలుగు బళ్ళలో పిల్లలు తగ్గడానికి చట్టమొక్కటే కారణం కాదు, ఈ సిగ్గు కూడా కారణము. చట్టాన్ని కోర్టులో ప్రశ్నించవచ్చు. సిగ్గును ఏ కోర్టులో ప్రశ్నిస్తాము?

ఐతే మంచి గుర్తులు లేకపోలేదు. ఈ ప్రాంతపు రచయితలు తమ ఇంటి మాటలోనే, దిద్దుబాట్లు లేకుండా, కథలు వ్రాసి అచ్చువేసినారు. ‘మొరసునాడు కథలు’ అనే సంపుటి అటువంటిది. తన అవ్వ మాట అచ్చులో చూచుకొన్న పిల్లవాడు దానిని చూచి మళ్ళీ సిగ్గుపడడు. సరిహద్దుకు అవతల కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసినది. 2024 జూన్‌లో కృష్ణగిరి లోక్‌సభ సభ్యుడు కె. గోపీనాథ్ గారు పార్లమెంటులో తెలుగులో ప్రమాణం చేసి, చివర తమిళంలో వందనం చెప్పి, ‘జై తమిళనాడు’ అన్నారు. ఏ పార్టీ అన్నది మనకు ముఖ్యము కాదు. తల్లిభాష తెలుగు, సొంత ఇల్లు తమిళనాడు, రెండింటికీ తగవు లేదు – ఈ సీమవారి మనసు అదే.

మనము చేయవలసినది

కడపట మన మాట. మనము ఈ తెలుగు ఇంటికి వచ్చిన చుట్టాలము. చుట్టము ఇంటివారి కూడు తిని, కూరలో ఉప్పు తక్కువని ఊరంతా చాటరాదు. మన పిల్లలు ఇక్కడి పిల్లల తెలుగు విని నవ్వితే అక్కడికక్కడే ఆపాలి, ‘ఏల’ ఎంత పాత మాటో చెప్పాలి. బడిలో తెలుగు తీసుకొనే వీలున్నచోట మన పిల్లలనూ చేర్చాలి. పిల్లలు లేరన్న కారణంతో తెలుగు పంతులు పోస్టు పోకుండా ఉండాలంటే హాజరుపట్టీలో పేర్లుండాలి, ఉపన్యాసాలు చాలవు. తమిళం బాగా నేర్పించాలి, ఎందుకంటే పొరుగువారి భాషను గౌరవించనివాడు తన భాషకు గౌరవం అడగలేడు. ఈ ప్రాంతపు రచయితల పుస్తకాలు కొని ఇంట్లో పెట్టాలి.

1865లో వేల్సునుండి సుమారు నూటయాభై మంది ఓడనెక్కి దక్షిణ అమెరికాలోని పటగోనియాకు వలస పోయినారు. భాషను కాపాడుకొనడానికే పోయినారు. ఇంతకాలానికి కూడా వారి సంతతిలో కొందరు ఆ భాష మాట్లాడుతున్నారు. మనకు అంత శ్రమ లేదు, సముద్రం దాటనక్కరలేదు. మనము వలస వచ్చిన చోట మన భాష మనకంటె ముందే వచ్చి, ఇల్లు కట్టుకొని, పొయ్యి రాజేసి ఉన్నది. ఆ పొయ్యి ఆరిపోకుండా ఇంటివారితోబాటు మనమూ రెండు పుల్లలు ఎగదోస్తే చాలు.

పాఠక సోదర సోదరీమణులకు, ముఖ్యముగా హోసూరు, కృష్ణగిరి సీమల ఇంటివారికి, నూతన సంవత్సర శుభాకాంక్షలు.